రిపోర్టు వచ్చేలోగా

నరసాపురం దగ్గర, గోదావరి పాయ అయిన వశిష్ఠ ఒడ్డున ఉన్న ఒక లంక ఊరి నుంచి 44 ఏళ్ల సోదరి ఒకరు ఆరు పేజీల ఉత్తరం రాశారు. పేరూ ఊరూ బయటపెట్టవద్దని కోరారు. ఆవిడ భర్త కువైట్‌లో డ్రైవరుగా పనిచేస్తున్నారు. ఇంట్లో అత్తగారు, డిగ్రీ ఆఖరి సంవత్సరం చదువుతున్న కూతురు ఉంటారు. ఇంటిపని అయ్యాక ఆవిడ లేసు అల్లి ఏజెంటుకు ఇస్తుంటారు. నెల కిందట స్నానం చేస్తుండగా ఎడమ రొమ్ములో గోళీకాయంత గట్టిగా ఏదో చేతికి తగిలింది. భీమవరం వెళ్లి మామోగ్రామ్, అల్ట్రాసౌండ్ చేయించుకున్నారు. డాక్టరుగారు సూదితో ముక్క తీసి బయాప్సీకి పంపారు. వారంలో రిపోర్టు వస్తుందన్నారు గానీ పన్నెండు రోజులైనా రాలేదు. ఫోన్ చేస్తే ల్యాబువారు "ఇంకో పరీక్షకు పెట్టారు, మరికొన్ని రోజులు పడుతుంది" అన్నారు. స్కాన్ కాగితం మీద "బైరాడ్స్ 4ఎ" అని ఉండడం చూసి, ఫోనులో వెతికి, అది క్యాన్సర్ నాలుగో స్టేజీ అని ఆవిడ నిశ్చయించుకున్నారు. పెద్దమ్మ ఇరవై ఏళ్ల కిందట ఇదే జబ్బుతో పోయారు. సూది గుచ్చిన చోట నల్లగా కమిలింది, "గడ్డను కదిపితే పాకుతుంది, ఎందుకు గుచ్చనిచ్చావు" అని అత్తగారు రోజూ అంటున్నారు. కూతురికి సంబంధాలు చూస్తున్నారు కనుక ఎవరి దగ్గరా నోరెత్తవద్దని కూడా అత్తగారే కట్టడి చేశారు. భర్తకు ఇంకా చెప్పలేదు. రిపోర్టు వాట్సాప్‌లో వచ్చేది మరిది ఫోనుకు. "రాత్రి రెండింటికి మెలకువ వస్తుంది, గడ్డను తడుముకుంటూ తెల్లవార్లూ కూర్చుంటాను, అందులో ఏముందో నాకు తెలిసిపోయినట్టే ఉంది. ఈ రోజులు ఎలా గడపను, ఎవరికి చెప్పను?" అని అడిగారు.

చెల్లెమ్మా,

నేను మనసుకు సంబంధించిన సలహాలు చెప్పే మనిషిని, శస్త్రవైద్యురాలిని కాను. మీ రిపోర్టులో ఏముంటుందో నేను చెప్పలేను, మీరు కూడా చెప్పలేరు. ఇది మొదటే ఎందుకు అంటున్నానంటే, మీ ఉత్తరంలో నన్ను అన్నిటికన్నా ఎక్కువగా కలవరపెట్టింది "తెలిసిపోయినట్టే ఉంది" అన్న మాటే. పన్నెండు రోజుల పాటు నిద్ర లేకుండా భయపడిన శరీరానికి గుండె దడ, కడుపులో తిప్పడం, చేతులు చల్లబడడం వస్తాయి. అవన్నీ భయం చేసే పనులు. వాటిని లోపలి జబ్బు తెలియజేస్తున్న సూచనలుగా మనసు చదువుకుంటుంది. మీ భయం నిజమైనదే, అందులో సందేహం లేదు, కానీ సూక్ష్మదర్శిని కింద గాజు పలక మీద ఏముందో ఆ భయానికి తెలియదు.

ముందుగా ఆ "4ఎ" సంగతి చూద్దాం. మీ బరువులో సగం అక్కడే ఉంది, అది పూర్తిగా పొరపాటున మోస్తున్న బరువు. బైరాడ్స్ అంకె, క్యాన్సర్ స్టేజీ, ఈ రెండింటికీ సంబంధమే లేదు. లంకలో పుట్టి పెరిగినవారు కనుక ఏటి లెక్కతో చెబుతాను. ధవళేశ్వరం బ్యారేజీ దగ్గర నీటిమట్టం 11.75 అడుగులకు చేరితే మొదటి హెచ్చరిక, 13.75 అడుగులకు రెండోది, 17.75 అడుగులకు మూడోది ఇస్తారు. అది హెచ్చరిక కొలత. నీరు నిజంగా ఇంట్లోకి వచ్చాక అరుగు మునిగిందా, గడప దాటిందా, మంచం కోళ్ల వరకు వచ్చిందా అన్నది వేరే కొలత. బైరాడ్స్ మొదటి తరహా అంకె; స్కాన్‌లో కనిపించిన నీడను చూసి ఎంత జాగ్రత్తపడాలో ఒక వైద్యుడు మరొక వైద్యుడికి చెప్పుకునే గుర్తు అది. స్టేజీ రెండో తరహా. క్యాన్సర్ అని ఖాయమైన తరువాత మాత్రమే దానికి అంకె వేస్తారు. మీకు ఏదీ ఖాయం కాలేదు కనుక మీకు స్టేజీ అనేదే ఇప్పుడు లేదు. 4 అన్న వర్గాన్ని మళ్లీ ఎ, బి, సి అని మూడుగా విడదీశారు, వాటిలో అనుమానం అతి తక్కువగా ఉన్నది ఎ. ఆ గుర్తు పడినవారిలో క్యాన్సర్ తేలే అవకాశం నూటికి రెండుకు పైన, పది లోపు అని ఆ పద్ధతే లెక్క కట్టింది. అంటే అలాంటి కాగితం చేతిలో పట్టుకున్న నూరుగురు ఆడవాళ్లలో తొంభై మందికి, లేదా అంతకన్నా ఎక్కువ మందికి, అది ఫైబ్రోఎడినోమా అనే మామూలు గడ్డో, నీటితిత్తో, మరో హానిలేని మార్పో అవుతుంది. మిగిలిన కొద్దిమంది ఎవరో తేల్చడానికే సూది గుచ్చారు. మీరు ఆ కొద్దిమందిలో లేరని నేను మాట ఇవ్వలేను. అయితే తొంభై ఏ వైపున ఉందో మరిచిపోయి, పది ఉన్న వైపే పన్నెండు రాత్రులుగా మేలుకుని ఉన్నారని మాత్రం చెప్పగలను.

ఆలస్యం గురించి కూడా మీరు ఇలాగే అర్థం తీశారు. తీసిన ముక్క డాక్టరు చేతి నుంచి నేరుగా సూక్ష్మదర్శిని కిందకు పోదు. ముందు దాన్ని ఫార్మలిన్‌లో ఊరబెడతారు, తరువాత నీరంతా తీసి మైనంలో పోత పోస్తారు, ఆ మైనపు దిమ్మను తల వెంట్రుక మందంలో పదోవంతు కూడా లేని పలుచని పొరలుగా కోసి, గాజు పలకల మీద రంగులు వేస్తారు. ఇవన్నీ తొందరపెడితే పాడయ్యే పనులు. ఆపైన చిన్న ఊళ్ల ఆసుపత్రుల నుంచి ముక్క పెద్ద ఊరి ల్యాబుకు వెళ్లే ప్రయాణం ఒకటి, మధ్యలో వచ్చే ఆదివారాలు, పండగ సెలవులు మరొకటి. "ఇంకో పరీక్ష" అన్నది బహుశా కణాల మీద ప్రత్యేకమైన రంగులు వేసి చూసేది అయి ఉంటుంది. క్యాన్సర్ అని తేలినప్పుడు దాని రకం తెలుసుకోవడానికి దాన్ని చేస్తారు. చూపుకు అనుమానంగా ఉన్నది క్యాన్సర్ కాదని గట్టిపరుచుకోవడానికి కూడా అదే చేస్తారు. కనుక ఆ మాట మంచి శకునమూ కాదు, చెడు శకునమూ కాదు. పరీక్ష చేస్తున్నవారు ఊహించి సంతకం పెట్టకుండా తేల్చుకుని పెడుతున్నారని మాత్రమే దానికి అర్థం.

కమిలిన మచ్చ విషయం త్వరగా చెప్పేస్తాను. లోపల కాస్త రక్తం చేరి చర్మం నల్లగా, తరువాత ఆకుపచ్చగా, పసుపుగా మారి రెండు మూడు వారాలలో పోతుంది. అది సూది దెబ్బ, జబ్బు పాకడం కాదు. అయితే ఆ చోట ఎర్రబడి వేడిగా ఉన్నా, చీము కనిపించినా, జ్వరం వచ్చినా, వాపు రోజురోజుకూ పెరుగుతున్నా రిపోర్టు కోసం ఆగకుండా డాక్టరుగారికి చూపించండి. సూది గుచ్చితే క్యాన్సర్ పాకుతుందన్న మాట మన వైపు ఇంటింటా ఉంది. అత్తగారు మీ మీద కోపంతో అంటున్నారని నాకు అనిపించలేదు, చూసినదాన్ని బట్టి అంటున్నారు. వెనకటి రోజుల్లో గడ్డ పుండు పడేదాకా దాచి, ఆఖరున ఆసుపత్రికి వెళ్లి, సూది పడిన కొన్నాళ్లకే మనిషి పోతే, ఆ నేరం సూది మీద పడేది. ప్రపంచమంతటా ఇవాళ వైద్యం సూది బయాప్సీతోనే మొదలవుతుంది, ఎందుకంటే అదేమిటో తెలియకుండా కోసేస్తే, కోత చిన్నది సరిపోయేచోట పెద్దది కావచ్చు, అసలు కోత అక్కర్లేని చోట కోత పడవచ్చు. మీరు చేసింది తప్పు కాదు. చేతికి తగిలిన నెలలోపే బయాప్సీ దాకా వెళ్లిన మనిషి చాలా ధైర్యవంతురాలు.

పెద్దమ్మగారి గురించి మీరు రాసిన పేజీ రెండుసార్లు చదివాను. ఆవిడ గడ్డను ఏడాదిన్నర దాచుకున్నారని మీరే రాశారు. రొమ్ము క్యాన్సర్ వచ్చినవారిలో ఎక్కువమందికి కుటుంబంలో ఆ జబ్బు ఉండదు, వంశపారంపర్యంగా వచ్చేవి నూటికి అయిదు నుంచి పది వరకే. పెద్దమ్మకు ఉన్నదన్న సంగతి డాక్టరుగారికి తప్పకుండా చెప్పండి, ఆవిడకు ఏ వయసులో వచ్చిందో కూడా చెప్పండి, దాని విలువ ఎంతో వారు తూకం వేస్తారు. ఆవిడ కథను మీ కథగా మాత్రం చదువుకోకండి. ఒకవేళ జబ్బు ఒకటే అయినా, ఏడాదిన్నర దాచిన గడ్డకూ, నెలలో చూపించిన గడ్డకూ దారి ఒకటి కాదు, ఈ ఇరవై ఏళ్లలో మందులూ ఒకటిగా లేవు.

ఇక రోజులు ఎలా గడపాలన్నది. మళ్లీ ఏటి దగ్గరకే వస్తాను, ఎందుకంటే ఎదురుచూడడం లంకవాళ్లకు ఎవరూ నేర్పనక్కర్లేదు. భద్రాచలం దగ్గర నీరు పెరిగిందన్న కబురుకూ, ఆ నీరు మన దాకా రావడానికీ మధ్య ఇంచుమించు ఒక రోజు ఉంటుంది. 2022 జూలైలో మూడో హెచ్చరిక పడినప్పుడు ఆ ఒక్క రోజులో మీ ఊరి ఆడవాళ్లు బియ్యం అటకెక్కించి, పాసుపుస్తకాలూ సర్టిఫికెట్లూ సంచిలో కట్టి, గొడ్లను ఏటిగట్టు మీదకు తోలించి, ఆ తరువాత పొయ్యి వెలిగించి పిల్లలకు అన్నం పెట్టి ఉంటారు. చేయవలసినది ఒకటి ఉంటుంది, దానికి హద్దు ఉంటుంది, అది అయిపోయాక అన్నం ఉంటుంది. నీరు ఎంత పెరిగిందో చూడడానికి అస్తమానం రేవులోకి దిగి మోకాలు తడుపుకోరు. రాత్రి రెండింటికి గడ్డను తడుముకోవడం సరిగ్గా అలా రేవులోకి దిగడమే. కమిలిన చోట ఒత్తితే నొప్పి వస్తుంది, ఆ నొప్పి కొత్త భయం పుట్టిస్తుంది, ముక్క తీసిన గడ్డ వాపు వల్ల పెద్దదిగా కూడా తగులుతుంది. వేళ్లకు తెలిసే విషయం ఇక ఏమీ మిగలలేదు. ఆ చేతికి వేరే పని ఇవ్వాలి.

సంచి కట్టే పని ఒక మధ్యాహ్నంలో అయిపోతుంది. మామోగ్రామ్ ఫిల్ములు, స్కాన్ కాగితాలు, బయాప్సీ చీటీ, ఆధార్, బియ్యం కార్డు ఒకే కవరులో పెట్టండి. అవసరం పడితే, మనం ఇప్పటికీ ఆరోగ్యశ్రీ అనే పిలుచుకుంటున్న డాక్టర్ ఎన్టీఆర్ వైద్య సేవలో క్యాన్సర్ చికిత్సలు ఉన్నాయి. ఆ పథకం ఉన్న ఆసుపత్రులలో దానికి వేరే బల్ల ఉంటుంది, అక్కడ కాగితాలు చూసి దారి చెబుతారు. ఈ కవరు కట్టడం కీడును పిలవడం కాదు. మీరు పాసుపుస్తకాలు మూట కట్టినందుకు ఏరు పొంగలేదు కదా. కట్టిన తరువాత దాన్ని బీరువాలో పెట్టి తలుపు వేసేయండి.

మిగిలిన రోజుకు నేను చెప్పేవి చిన్న విషయాలు, కానీ పనిచేసేవి. ఆలోచించవద్దని మనసుకు చెబితే అది వినదు, అందుకే దానికి ఒక వేళ కేటాయించండి. సాయంత్రం దీపం పెట్టే ముందు ఇరవై నిమిషాలు కూర్చుని, భయాలన్నీ ఒక కాగితం మీద రాయండి, నాకు రాసినట్టే రాయండి. మిగతా వేళల్లో అవి వస్తే "సాయంత్రం" అని వాయిదా వేయండి. మొదటి రెండు రోజులు ఇది అర్థంలేని పనిగా ఉంటుంది, మానకండి. రాత్రి మెలకువ వస్తే పక్క మీదే పొర్లకుండా లేచి కూర్చుని, ఊపిరి పీల్చినదానికన్నా నెమ్మదిగా, పొడుగ్గా వదలండి, అలా ఓ పది నిమిషాలు చేస్తే దడ దిగుతుంది. ఫోనులో ఆ జబ్బు పేరు వెతకడం పూర్తిగా ఆపేయమంటాను. అక్కడ ఎవరెవరివో కథలు ఉంటాయి, మీ పలక మీద ఉన్నది ఉండదు. పెద్ద టేబుల్ క్లాత్ పట్టుకుంటే చేయి సాగడం లేదని రాశారు. అది పక్కన పెట్టి, ఒక్క పూటలో అయిపోయే చిన్న పూలు అల్లండి. వరసలో కుట్లు లెక్కపెట్టుకుంటున్నంతసేపు మనసుకు వేరే చోటికి పోయే వీలుండదు, పైగా సాయంత్రానికి పూర్తయినది ఒకటి చేతిలో ఉంటుంది. అత్తగారు అంతర్వేది నరసింహస్వామికి మొక్కుకుని ఉపవాసాలు ఉండమన్నారని రాశారు. మొక్కుకోండి, అందులో బలం ఉంటే తీసుకోండి, కానీ ఇప్పటికే నిద్ర లేని శరీరాన్ని పస్తు పెట్టవద్దు, మీరు వేసుకుంటున్న బీపీ మాత్ర ఒక్క పూట కూడా మానవద్దు.

మీవారికి చెప్పాలా అన్నదానికి నేను అవుననో కాదనో ఒక్క మాటలో తీర్పు ఇవ్వను. చెప్పకపోతే, ఆయన అక్కడ ప్రశాంతంగా ఉంటారని మీ ఆలోచన, అంత దూరంలో స్టీరింగు పట్టుకునే మనిషికి భయం పెట్టకూడదన్న మీ ప్రేమ నాకు అర్థమైంది. అయితే పన్నెండు రోజులుగా మీ గొంతు మామూలుగా ఉందని నేను నమ్మను, ఆయనకు అది వినిపించకుండా ఉందనీ నమ్మను. కారణం తెలియని మార్పును మనుషులు తమకు తోచిన విధంగా పూరించుకుంటారు. రేపు రిపోర్టు ఏ విధంగా వచ్చినా "అన్ని రోజులు నాకు చెప్పలేదా" అన్న మాట మీ ఇద్దరి మధ్య కొన్నాళ్లు ఉంటుంది. ఇప్పుడు చెబితే, ఆయనా మీతోపాటు నిద్ర పోగొట్టుకుంటారు, పనిచేసేచోట సెలవు అడగాలా వద్దా అని నలుగుతారు. మధ్యదారి ఒకటి ఉంది. ఆయనకు సెలవుండే శుక్రవారం నాడు, తొందరలేని వేళ చూసి, తెలిసినది మాత్రమే చెప్పండి: గడ్డ కనిపించింది, పరీక్షకు పంపారు, స్కాన్‌లో అనుమానం తక్కువ అన్నారు, రిపోర్టు రావాలి, అప్పటిదాకా టిక్కెట్టు తీయవద్దు, కానీ రోజూ ఫోన్ చేయండి. మీ భయమంతా ఒకేసారి ఆయన మీద కుమ్మరించినట్టు ఉండదు, దాచినట్టూ ఉండదు. నా మనసు ఈ దారి వైపే మొగ్గుతోందని దాచను, కానీ ఆయన స్వభావం తెలిసినది మీకు.

అమ్మాయి విషయంలో మాత్రం కొంచెం గట్టిగానే అంటాను. "అమ్మా, ఏడుస్తున్నావెందుకు" అని ఆ పిల్ల రెండుసార్లు అడిగిందనీ, తలనొప్పి అన్నారనీ రాశారు. ఇరవై ఏళ్ల పిల్లకు అబద్ధం కనబడుతుంది, నిజం కనబడదు. అలాంటప్పుడు తల్లికి తన పెళ్లి గురించే దిగులని తనను తాను తప్పుపట్టుకునే అవకాశం ఉంది. చెబితే ఆమె చదువు కొన్నాళ్లు కుంటుపడవచ్చు, అది నిజమైన నష్టమే. కానీ రాత్రి రెండింటికి పక్కన కూర్చునే మనిషి మీకు ఒకరు దొరుకుతారు. ఆడపిల్ల తన ఒంటి గురించి సిగ్గుపడకుండా మాట్లాడడం తల్లి నోటి నుంచే నేర్చుకుంటుంది. సంబంధాల గురించి అత్తగారి భయాన్ని కొట్టిపారేయలేను, మన వైపు ఆ మాట ఎంత దూరం పోతుందో నాకూ తెలుసు. రాని ఫలితాన్ని ఊళ్లో చెప్పనక్కర్లేదు, అంతవరకు ఆవిడతో ఏకీభవించండి. కానీ ఊరికి చెప్పకపోవడం వేరు, ఇంట్లో ఒకరికొకరు చెప్పుకోకపోవడం వేరు. ఈ తేడాను ఆవిడతో నెమ్మదిగా, అత్తగారిగా ఆవిడ మాటకు విలువ ఇస్తూనే, ఒకసారి మాట్లాడండి. పెద్దమ్మగారు ఏడాదిన్నర దాచింది ఇలాంటి కట్టడి వల్లేనేమో కూడా ఆలోచించండి.

రిపోర్టు మరిది ఫోనుకు రావడం నాకు నచ్చలేదు. ఆయన మంచివారే కావచ్చు, కానీ మీ శరీరం గురించిన కాగితం మీకన్నా ముందు ఇంకొకరు చదివి, వారికి అర్థమైనంత మీకు చెప్పడం సరికాదు. ఈ రిపోర్టుల భాష తిరకాసుగా ఉంటుంది. "నెగెటివ్ ఫర్ మాలిగ్నెన్సీ" అంటే క్యాన్సర్ లేదని అర్థం, కానీ నెగెటివ్ అన్న మాట చూసి ఇల్లంతా ఏడ్చిన సందర్భాలు నేను విన్నాను. "బినైన్" అంటే హానిలేనిదని. "ఎటిపియా" అంటే క్యాన్సర్ అని కాదు, కణాలు కాస్త తేడాగా ఉన్నాయి, ఇంకా చూడాలని. ముక్క చాలలేదు, మళ్లీ తీయాలి అని రావడం కూడా జరుగుతుంది. అది తిరిగి ఎదురుచూపే కనుక దానికీ మనసును సిద్ధం చేసుకోండి. మీ నంబరుకే పంపమని ల్యాబులో మార్పించుకోవచ్చు, అప్పుడు ఒంటరిగా తెరవాలనే ఆత్రం ఆపుకోవడం మీ వంతు అవుతుంది. లేదా ఎవరికీ పంపవద్దు, డాక్టరుగారి గదిలోనే విప్పుతాం అని చెప్పవచ్చు. అలా అయితే మరో రెండు రోజులు ఆలస్యం కావచ్చు, కానీ చదివిన క్షణంలోనే అడగడానికి మనిషి ఎదురుగా ఉంటారు. క్యాన్సర్ కాదని వచ్చినా స్కాన్‌లో కనిపించినదానితో ఈ ఫలితం సరిపోతోందా, మళ్లీ ఎన్ని నెలలకు చూపించుకోవాలి అని అడగండి. క్యాన్సర్ అని వస్తే, ఆ రోజే ఏదీ నిర్ణయించనక్కర్లేదు. మైనపు దిమ్మలు, గాజు పలకలు అడిగి తీసుకుని వేరొక పెద్ద ఆసుపత్రిలో చూపించుకునే హక్కు మీకు ఉంది, దానికి కొద్ది రోజులు పట్టినా నష్టం లేదు.

చాలా ఏళ్ల కిందట మా అమ్మకూ ఇలాంటి పరీక్షే చేశారు. కాగితం పోస్టులో రావలసి ఉండగా, పోస్టుమాను సైకిలు గంట వినబడినప్పుడల్లా అమ్మ వంటింట్లోకి వెళ్లిపోయేది. ఆ కవరులో ఏముందో మీకు చెప్పను, చెబితే మీరు దాన్ని మీకు శకునంగా తీసుకుంటారు. మేము నలుగురం పిల్లలం, ఒక్కరికీ ఆ రోజుల్లో అమ్మ ఏమీ చెప్పలేదని మాత్రం చెబుతాను. వంటింట్లో ఒక్కతే ఏం చేసేదో నాకు ఇప్పటికీ తెలియదు.

వరసగా ఇంకో నాలుగైదు రాత్రులు నిద్ర లేకపోయినా, అన్నం సయించకపోయినా, బతకాలని లేదన్న ఆలోచన ఒక్కసారి వచ్చినా, డాక్టరుగారికి ఆ మాటే చెప్పండి. పక్కింటివాళ్ల నిద్రమాత్రలు వేసుకోవద్దు. టెలి మానస్ అనే ప్రభుత్వ సహాయ కేంద్రానికి 14416 నంబరుకు ఏ వేళలోనైనా ఫోన్ చేయవచ్చు, డబ్బు కట్టనక్కర్లేదు, తెలుగులో మాట్లాడతారు.

ఇప్పుడు చేయవలసిన ఫోన్ ఒకటుంది, అది ల్యాబుకు కాదు, డాక్టరుగారి ఆసుపత్రికి. సోమవారం ఉదయం చేసి మూడు సంగతులు అడగండి: ఇంకో పరీక్ష అన్నది ఏ పరీక్ష, ఏ తారీఖుకు వస్తుంది, ఆ రోజు డాక్టరుగారు ఉంటారా. ఆ తారీఖును కేలండరు మీద రాసుకోండి. అది దాటేవరకు మళ్లీ ఫోన్ చేయకండి, దాటితే మర్నాడే చేయండి. భీమవరం వెళ్లే రోజున అమ్మాయిని కాలేజీ మాన్పించి వెంట తీసుకువెళ్లండి.